బంక కలిపావా?

మా ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ మా పనిగదిలో ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఇందులో చెప్పుకోవాల్సిందేముంది అనిపించవచ్చు. మేం బొమ్మలు వేసేవాళ్ళం. బయటవాళ్ళు మినియేచర్లంటారు. రెండు అరచేతులంత కాగితం మీద ఏరు, మేడలు, చెట్లు, ఆకాశం, ఇద్దరు మనుషులు, వాళ్ళ కష్టాలు అన్నీ పట్టాలి. కుంచె మొనలో ఒకటో రెండో ఉడుత వెంట్రుకలుంటాయి. గాలి తగిలి వాటి తడి ఆరిందంటే గీత మధ్యలో తెగుతుంది. అందుకని పని జరుగుతున్నంతసేపూ ఆయన ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. ఇరవై ఆరు వేసవులు ఆ గదిలో ఉడికిపోయాను. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్ళలో ఎవరో స్విచ్చి నొక్కారు. తర్వాత దాన్ని ఆపే అవసరం ఎవరికీ రాలేదు.

మా ఇంట్లో ఒక బొమ్మ మూడు జతల చేతులు దాటి బయటపడుతుంది. మొదటి గీతలూ చివరి ముఖాలూ ఆయనవి. బట్టలు, చెట్లు, గోడలు, బంగారు పూత ఆయన చెల్లెలివి. ఆవిడకి యాభై దాటాయి, అయినా ఇప్పటికీ అందరికీ చిట్టే. రంగులు నూరడం, నీళ్ళు గీయడం, అంతా అయ్యాక బొమ్మకి మెరుగు పెట్టడం నా వంతు. నీళ్ళంటే వట్టి నీలం పులమడం కాదు. ఏరు నిదానంగా ఉంటే ఒక రకం గీత, కోపంగా ఉంటే ఇంకో రకం, మనిషి మునిగే చోట మరో రకం. ముఖాలు మాత్రం నాకెప్పుడూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. "నీ చేతిలో పడితే అందరూ నీలాగే మూతి ముడుచుకుని కూర్చుంటారు" అనేవారు ఆయన.

నూరిన రంగు వట్టి పొడి. దాన్ని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మబంక. ఆల్చిప్పలో తీసిన రంగులో బంకనీళ్ళు పోసి చూపుడువేలితో కలపాలి. ఎక్కువైతే ఆరాక పగుళ్ళొస్తాయి. అసలు వెయ్యకపోతేనే చిత్రం. తడిగా ఉన్నప్పుడు రంగు మామూలుగానే సాగుతుంది, ఆరాక చూడ్డానికీ మామూలుగానే ఉంటుంది. బండారం బయటపడేది మెరుగు పెట్టినప్పుడు. బొమ్మని పాలరాతి పలక మీద బోర్లించి, వెనక నుంచి కోడిగుడ్డంత నున్నటి రాయితో గట్టిగా రుద్దుతాం. దాన్ని మెరుగురాయి అంటాం. బంక ఉన్న రంగు కాగితంలోకి దిగి నిగనిగలాడుతుంది. లేని రంగు పలకకి అంటుకుని కాగితాన్ని వదిలేస్తుంది.

అందుకని రోజూ పొద్దున నేను ఆల్చిప్ప చేతికివ్వగానే, తల ఎత్తకుండా ఆయనది ఒకటే ప్రశ్న.

"బంక కలిపావా?"

"కలిపాను."

పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్కసారి మర్చిపోయాను. ఒక గుర్రం తోక రాలిపోయింది. ఆ తోకకి నాకు పడిన శిక్ష యావజ్జీవం. జ్వరమొచ్చి మూలుగుతున్నా అడిగేవారు. చుట్టాల ముందు అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది.

పోయిన ఏడాది ఒక ప్రదర్శనశాల నడిపే ఆవిడ మా ఇంటికి వచ్చి పది బొమ్మల వరస కావాలంది. ప్రేమించి చచ్చిపోయినవాళ్ళ కథలు, పాత మినియేచర్లలో వేసిన పద్ధతిలోనే. చిట్టికి సంబరం, మా ఆయనకి తలనొప్పి. "వీళ్ళలో ఒక్కడైనా జలుబు చేసి పోడు" అని విసుక్కునేవారు. విసుక్కుంటూనే వేశారు. పిచ్చివాడై ఎడారిలో జింకల మధ్య ఎముకలగూడై కూర్చున్నవాణ్ణి వేశారు. మనసుపడ్డ మనిషి కోసం కొండ తొలిచి, తీరా ఆమె చచ్చిపోయిందన్న అబద్ధం విని ఆ గొడ్డలితోనే తల బద్దలుకొట్టుకున్నవాణ్ణి వేశారు. ఇలా తొమ్మిది. వాళ్ళ వెనకాల ఏళ్ళూ వాగులూ చెలమలూ నేను గీశాను. పదోది కుండ అమ్మాయి.

ఆ అమ్మాయి పొద్దుగూకాక రోజూ ఏరు దాటి ప్రియుడి దగ్గరికి వెళ్తుంది. ఈత రాదు. కాల్చిన కుండని బోర్లించి, దాన్ని పట్టుకుని తేలుతూ పోతుంది. ఆడపడుచు అది కనిపెట్టి, కాల్చిన కుండ తీసేసి దాని చోట పచ్చికుండ పెడుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. అమ్మాయి నమ్మి నీళ్ళలోకి దిగుతుంది. నడి ఏట్లో కుండ మట్టైపోతుంది.

"పది బొమ్మల్లో ఆడపడుచుకి ఒకటే వేషం, అదీ ఇది" అని చిట్టి మూతి తిప్పింది. ఆ కుండకి రంగు నింపింది కూడా తనే. అప్పుడు ముగ్గురం పడీపడీ నవ్వాం.

మా ఇంట్లో మాత్రం పచ్చికుండ చేతికిచ్చింది ఆడపడుచు కాదు, నేను. ఇచ్చానో లేదో నాకే తెలియదు. నాలుగు నెలలుగా నన్ను తొలుస్తున్నది అదే.

ఆ రోజు పొద్దున ఫ్యాను దగ్గరే గొడవైంది. చర్మం రంగు నూరుతుంటే నా నుదుటి చెమట నూరేరాయి మీద పడింది. లేచి ఫ్యాను వేశాను. ఆయన లేచి ఆపారు. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆపారు.

"మీ కాగితాలకున్న విలువ ఈ ఇంట్లో నాకు లేదు" అన్నాను.

"కాగితానికి చెమటపట్టినా అలగదోయ్" అన్నారాయన.

నవ్వించాలనే అన్నారు. నాకు మండుకొచ్చింది. విసురుగా నూరాను, ఆల్చిప్పలోకి తీశాను, తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టాను.

"బంక కలిపావా?"

"కలిపాను" అన్నాను, గోడ వైపు చూస్తూ.

అదే నేను ఆయనతో అన్న ఆఖరి మాట. మధ్యాహ్నం దాకా కూర్చుని ఆ అమ్మాయి ముఖం, మెడ, చేతులు వేశారు. కుంచె కడిగి ఆరబెట్టారు. భోజనానికి వచ్చారు. వడ్డించాను గానీ మాట్లాడలేదు, ఇంకో గంట బెట్టు చేద్దామనుకున్నాను. ఆయన వెళ్ళి నడుం వాల్చారు. నాలుగింటికి టీ పట్టుకెళ్ళి భుజం తట్టాను. గుండె నిద్రలోనే ఆగిపోయిందన్నారు డాక్టరు.

కలిపానా? ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కింది. బంకగిన్నె మూత తీసినట్టు గుర్తొస్తుంది, కానీ అది అంతకుముందు రోజుదేమో. బంక కలిపితే వేలు జిగటగా ఉంటుంది, కడుక్కోవాలి. ఆ రోజు కడుక్కున్నానా? ఇన్నివేల పొద్దులు ఒకేలా గడిచాక అందులోంచి ఒక్క పొద్దుని ఏరడం ఎవరి తరం? ఆల్చిప్పలో మిగిలిన రంగు చూస్తే తేలిపోయేది. బంక ఉన్నది గట్టిపడుతుంది, లేనిది పొడిపొడిగా రాలుతుంది. కానీ వచ్చిన చుట్టాల్లో ఒకావిడ, ఏదో ఒక సాయం చెయ్యాలి కదా అని, పనిగదిలోని ఆల్చిప్పలన్నీ తోమి బోర్లించి వెళ్ళింది. తళతళలాడుతున్నాయి. పాపం, ఆవిడకేం తెలుసు.

నేను ఏడవలేదు. "ఏడువమ్మా, తేలికపడతావు" అన్నారు అందరూ. మొదట జాలిపడ్డారు, తర్వాత చెవులు కొరుక్కున్నారు. వాళ్ళని అని ఏం లాభం, నాకే నా మీద అనుమానం వచ్చింది. పెట్టింది తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి, దేనికొచ్చానో తెలియక తిరిగొచ్చేదాన్ని. బాధగా ఉందని చెబితే అబద్ధమే అవుతుంది. పన్ను పీకించుకున్నాక చెంప ఉన్నట్టు ఉండేది, మొత్తం మనిషికి. ఆ మొద్దుతనం మధ్యలో ఒక్క ప్రశ్న మాత్రం కదిలేది.

బొమ్మ సొరుగులో ఉంది. రోజూ తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూసేదాన్ని. మెరుగు పెట్టనంతవరకూ అన్ని రంగులూ ఒకేలా మసకగా ఉంటాయి, ఏదీ తేలదు. నీళ్ళ మీద అమ్మాయి గడ్డం, కుండని చుట్టిన రెండు చేతులు, ఆవలి గట్టు వైపు చూపు. ఆయన ఆ ముఖంలో భయం పెట్టలేదు. కుండ సంగతి ఆమెకి ఇంకా తెలియదు.

ప్రదర్శనశాల ఆవిడ ఫోను చేసింది. ఇంకాస్త గడువు అడుగుదామని నేనే వెళ్ళాను. పొడవాటి తెల్లటి గది, గోడకి తొమ్మిది ఫ్రేములు, పదో మేకు ఖాళీ. ఆ మేకు కింద అప్పుడే ఒక చీటీ అతికించారు, ఇది ఈ చిత్రకారుడి ఆఖరి బొమ్మ అని.

"శుక్రవారం తలుపులు తెరుస్తున్నామండీ" అంది ఆవిడ మెల్లగా. "గురువారానికి అందినా సర్దుకుంటాం. అంతకన్నా ఆగలేను, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. తొమ్మిది బొమ్మల ముందూ నిలబడి చూశాను. ఇంట్లో ఒక్కొక్కటిగా చూసినప్పుడు తట్టని సంగతి గోడ మీద వరసగా చూస్తే తట్టింది. సగం కథల్లో ఎవరో ఒకరు ఒక చిన్న అబద్ధం చెబుతారు. పెద్ద యుద్ధాలేమీ జరగవు. ఒక మాట చెబుతారు, అవతలివాళ్ళు నమ్ముతారు. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. తాగి ఇంటికొచ్చాను.

బుధవారం చిట్టి పట్టు పట్టింది.

"ఇవాళ మెరుగు పెట్టెయ్ వదినా."

"గాలిలో తేమ ఉంది."

"నిన్న ఎండ ఎక్కువన్నావు."

"మెరుగురాయి కనబడ్డం లేదు."

"నీ చేతి పక్కనే ఉంది. ఏంటి నీ బాధ?"

చెప్పేశాను. ఫ్యాను గొడవ, ఠక్కున పెట్టిన ఆల్చిప్ప, గోడ వైపు చూసి అన్న మాట, అన్నీ చెప్పాను. చిట్టి విని ఊరుకోలేదు.

"నాలుగు నెలలు! నాకొక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా? అన్నయ్య నీ ఒక్కదానికే పోయాడా?"

"చెబితే రాలుతుందో లేదో వేలు పెట్టి చూస్తావని."

"చూస్తాను. చూడనా మరి?"

చెయ్యి చాపింది. నేను బొమ్మ వెనక్కి లాక్కున్నాను. ఆ ముఖం మొత్తం చిటికెనవేలి గోరంత, చేతులు అంతకన్నా సన్నం. ఎక్కడ వేలు పెట్టినా ఏదో ఒకటి పోతుంది, కన్నో పెదవో చేతివేళ్ళో. చిట్టికీ ఆ సంగతి తెలుసు, చెయ్యి దించేసింది.

"పైనుంచి పలచగా బంకనీళ్ళు పూస్తే?"

"కలపకపోయి ఉంటే కుంచె తగలగానే కనుబొమ్మ చెంప మీదికి కారుతుంది. కలిపి ఉంటే ముఖమంతా మరకలు తేలతాయి."

"పోనీ మెరుగు పెట్టకుండానే ఇచ్చేద్దాం వదినా. అద్దం వెనకాల ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికీ తెలియదు. ఆయన ఆఖరి ముఖం అద్దం వెనక క్షేమంగా ఉంటుంది, జనం చూసి మెచ్చుకుంటారు. నేను మాత్రం బతికినన్నాళ్ళూ ఈ ఫ్యాను కింద కూర్చుని, ఆయన్ని నిజం చెప్పి పంపానా అబద్ధం చెప్పి పంపానా అని తవ్వుకుంటూ ఉంటాను. మెరుగు పెడితే ముఖం పోవచ్చు. ఆయన చేతి ఆఖరి పని అది, పోతే మళ్ళీ రాదు. అయినా నాకు తెలియాలి. నాలో ఇంత స్వార్థం ఉందని అప్పటిదాకా ఎరగను.

"పలక తుడువు" అన్నాను.

"పోతుందేమో వదినా."

"పోవచ్చు."

చిట్టి పలక తుడిచి పక్కకి జరిగింది. బొమ్మ బోర్లించాను. ఎప్పుడూ పైమూల నుంచే మొదలుపెడతాను, ఆకాశం, దూరపు మేడ, ఆవలి గట్టు. తర్వాత నా ఏరు. రాయి కింద కాగితం సన్నగా కీచుమంటోంది. వెనక నుంచి చూస్తే అంతా తెలుపే, ఎక్కడేముందో కనిపించదు. కానీ ముఖం ఎక్కడుందో నాకు తెలుసు. అక్కడికొచ్చాక చెయ్యి ఆపలేదు, ఆపితే మళ్ళీ కదలదు. పదిసార్లు నిలువు, పదిసార్లు అడ్డం, ఏ బొమ్మకైనా ఎలా చేస్తానో అలాగే చేశాను. ఆ తర్వాత మూల పట్టుకుని లేపాను.

ఏరు నిగనిగలాడింది. చెట్లు, కుండ, అంచుల బంగారం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తడిసిన జుట్టు ఉంది. జుట్టు పక్కన ముఖం లేదు. మెడ లేదు, కుండని పట్టుకున్న చేతులు లేవు. ఆ చోట్లలో వట్టి కాగితం, దాని మీద ఆయన అన్నిటికన్నా ముందు గీసిన ఎర్రమట్టి గీత మిగిలాయి. ముఖం పలక మీద ఉంది. కన్ను, కనుబొమ్మ, పెదవి అన్నీ సరిగ్గా ఉన్నాయి. చూపు మాత్రం అద్దంలోలా ఇటు మళ్ళింది, బయల్దేరిన గట్టు వైపు.

"కలపలేదు" అన్నాను.

చిట్టి ఏడ్చింది. అన్నయ్య పోయిన రోజు ఎంత ఏడ్చిందో అంతా ఏడ్చింది. నాకూ వస్తుందేమోనని కూర్చుని కాసేపు చూశాను. రాలేదు. తెలిసింది, అంతే. ఆయన అడిగారు, నేను అబద్ధం చెప్పాను, ఆయన నమ్మి మధ్యాహ్నం దాకా కూర్చుని వేశారు.

"ఫోనులో ఫోటో తీసుకోనా?" అంది చిట్టి కళ్ళు తుడుచుకుంటూ.

"తీసుకో."

తీసుకుంది. తర్వాత నేను గుడ్డ తడిపి తెచ్చి పలక తుడిచాను. ఒక్క తుడుపుకే పోయింది. బంక ఉండుంటే అంత తేలిగ్గా వదిలేది కాదు.

మర్నాడు పొద్దున్నే చిట్టి వచ్చి ఆయన కూర్చునే చోట కూర్చుంది. అక్కడ తను కూర్చోవడం అదే మొదటిసారి.

"అన్నయ్య గీత ఉంది కదా, దాని మీద నేను వేస్తాను" అంది. "అంత బాగా రాదు. ఆవిడకి ఫోను చేసి చెప్పాను, సాయంత్రం దాకా ఆగుతానంది. చీటీలో నా పేరు కూడా చేర్చమన్నాను, మళ్ళీ అదొక అబద్ధం ఎందుకు."

సరేనన్నాను. తెలుపు నూరాను, చిటికెడు ఎరుపు, అంతకన్నా తక్కువ పసుపు. బంకగిన్నె మూత తీశాను. పోశాను. వేలితో కలిపాను, నిదానంగా, ఆల్చిప్ప అడుగు దాకా. తెచ్చి చిట్టి ముందు పెట్టాను. తను లేచి వెళ్ళి ఫ్యాను ఆపింది. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి నిలబడ్డాయి. ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉండేదన్న సంగతే మర్చిపోయాను.

చిట్టి వచ్చి కూర్చుని కుంచె తీసుకుంది. నీళ్ళలో ముంచింది, మొన సరిచేసుకుంది, ఆల్చిప్ప దగ్గరికి తెచ్చింది.

"ఆగు" అన్నాను.

"ఏమైంది?"

"అడుగు."

"ఏమడగను వదినా?"

"నీకు తెలుసు. అడుగు."

చిట్టి నా ముఖంలోకి చూసింది. తర్వాత తల దించుకుని, కుంచె మొన వైపే చూస్తూ, అచ్చం వాళ్ళన్నయ్యలా అడిగింది.

"బంక కలిపావా?"

కడుక్కోకుండా ఉంచుకున్న చూపుడువేలు చాపాను. చిట్టి తన వేలు దానికి ఆనించి వెనక్కి తీయబోయింది. రెండు వేళ్ళూ వెంటనే విడిపోలేదు.

"అంటుకుంటోంది వదినా" అంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నాలుగు నెలలదీ ఒక్కసారే వచ్చింది. చెమటలు కారుతున్నా ఇద్దరిలో ఎవరం ఫ్యాను వెయ్యడానికి లేవలేదు. ఏడవడం అయ్యాక ముఖం తుడుచుకుని, చిట్టికి కాదు, ఆయనకే చెప్పాను.

"కలిపాను."